బండ సందుల్లో ఎర్రనీళ్లు

కార్తీకంలో ముసురు పట్టి కాస్త తెరపిచ్చిందంటే నేను అలిపిరి మెట్లెక్కుతాను. ఏళ్లనాటి అలవాటు. మోకాళ్ల మెట్టుకు ముందు, అవ్వాచారి కోన దగ్గర నడకదారి ఘాట్ రోడ్డు పక్కనే పోతుంది. అక్కడ నిదానించి పైన బండల సందులు చూస్తాను. తేటనీళ్లు కారుతుంటే మనసు కుదుటపడుతుంది. ఎర్రగా కారుతున్నాయంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. రోడ్డు మీద కొత్తగా రాలిన రాళ్లున్నా, బండకు పచ్చిగాయంలా తెల్లటి చెక్కు కనబడినా అక్కడ నిలబడను.

ఈ చూపు నాకు నేర్పింది దారిలో మజ్జిగ అమ్మిన ఒక పెద్దాయన. "వానను కాదు నాయనా, వాన వెలిసినాక బండను చూడు" అనేవాడు.

ఆ మాట లోతు 2021లో తెలిసింది. నవంబరు 18 వానకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. కొండకు ఇంకో నడకదారైన శ్రీవారి మెట్టు దెబ్బతిని, మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. ఆ నవంబరు వాన తర్వాతా వానలు వచ్చిపోతూనే ఉన్నాయి. 2021 డిసెంబరు 1 ఉదయం, ఎక్కే ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద గుండ్లు దొర్లిపడ్డాయి. భక్తుల బస్సు ఒకటి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. పడిన ప్రతి వానా కొండ కడుపులో లెక్కగానే ఉంది!

శేషాచలం పైభాగం క్వార్ట్‌జైట్. సుత్తికి లొంగని రాయి, కానీ ఒళ్లంతా నిలువు బీటలే. వాటిలో మట్టి చేరుతుంది, వేళ్లు దిగుతాయి. వాననీళ్లు ఆ మట్టిని కడిగేస్తే బండకు పట్టు పోతుంది. పైగా 1944లో ఒక ఘాట్ రోడ్డుకు, 1974లో ఇంకో ఘాట్ రోడ్డుకు కొండ పాదాన్ని మనమే తొలిచాం.

పైకి గట్టిగా ఉండి లోపల పట్టు తప్పడంలో హిమాలయాల మంచుదీ ఇదే తీరు. సీజన్ మొదట్లో పలుచగా పడిన మంచు, చలి రాత్రుల్లో పంచదార పలుకుల్లా విడిపోతుంది. దానిమీద తర్వాతి మంచు పలకలా గట్టిపడుతుంది. ఏటవాలు మీద మనిషి బరువు పడితే చాలు, పలకంతా ఒక్కసారిగా జారుతుంది. అందుకే తెలిసినవాళ్లు పారతో గుంట తవ్వి, అడుగుపొర చూశాకే ముందుకు పోతారు. మనకు తవ్వే పనిలేదు. రోడ్డు కోసం కోసిన చోటల్లా కొండ లోపలిది బయటే ఉంది. ఆగి చూసేవాళ్లే తక్కువ.

మొన్న ఆదివారం ఒక సందులో నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. దానికిందే ఇద్దరు పిల్లలు ఫోటో దిగుతున్నారు. "సామీ, ఇటు రండి, కోన పక్కకు రండి" అని కేకేశాను. వచ్చారు.