గొళ్లెం మరిచిన ఇల్లు

శుక్రవారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. కింది అంతస్తులో కొత్తగా దిగిన జగిత్యాల కుర్రాడు. "అన్నా, జర వైఫై పాస్‌వర్డ్ చెప్తవా? డాటా అయిపోయింది, జీతం ఇంక పడలే. ఇంటికి వీడియో కాల్ జెయ్యాలె" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. అడిగినందుకు కాదు, పక్కింటికొచ్చి పెరుగు తోడు అడిగినంత తేలిగ్గా అడిగినందుకు. "నెట్ పనిచేయట్లేదు తమ్ముడూ" అని తలుపేసేశాను.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా మూడు చాదస్తాలూ కంఠతా వచ్చు. ఉగాది పచ్చడి తిన్నాక వైఫై పాస్‌వర్డ్ మార్చాలి. వైఫై పేరు ఎవరికీ కనబడకుండా దాచాలి. ఇంట్లో ఫోన్ల మ్యాక్ అడ్రస్‌లు, అంటే ఒక్కో ఫోన్‌కీ ఉండే గుర్తింపు సంఖ్యలు, అన్నీ రాసుకుని, వాటికి తప్ప దేనికీ అనుమతి ఇవ్వకూడదు. ఇవి చదివి చదివి విసిగిన రియాద్ పాఠకుడొకాయన నాకు మ్యాక్ మావయ్య అని పేరు పెట్టారు. ఈ చాదస్తాలకో మూలం ఉంది. 2012 ఆగస్టులో షమూన్ వైరస్ పడి సౌదీ చమురు సంస్థ ఆరాంకోలో దాదాపు 30 వేల కంప్యూటర్లు తుడిచిపెట్టుకుపోయాయి. మా జుబైల్‌కి ఆ సంస్థ ఉన్న ధహ్రాన్ ఎంత దూరమని? అప్పుడు పట్టిన భయం ఇంకా దిగలేదు.

అబద్ధమాడి పంపేశాక మనసు ఊరుకోలేదు. ఈ కుర్రాడు అడిగాడు సరే, అడగకుండా వాడుతున్నవాళ్లెవరో చూద్దామని 192.168.1.1 కొట్టి రౌటర్ పేజీ తెరిచాను. అంతా అరబ్బీలో ఉంది, కుడి నుంచి ఎడమకి. భాష మార్చే బటన్ దొరికేలోపు ఒక్క మాట మాత్రం చదవగలిగాను, హిఫ్జ్. సేవ్ చేయమని. ఖుదా హాఫిజ్‌లో హాఫిజ్, హిఫాజత్ అన్నప్పుడు మనకు వినబడే కాపలా, ఖురాన్ కంఠస్థం చేయడాన్ని హిఫ్జ్ అనడం, అన్నీ ఒకే ధాతువు. దాచుకోవడానికీ కాపాడుకోవడానికీ ఒకే మాట పెట్టుకున్న భాష మీద నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

యూజర్‌నేమ్ అడిగింది. అలవాటుగా అడ్మిన్ అని కొట్టాను. పాస్‌వర్డ్ దగ్గరా, ఊరికే, అడ్మిన్ అనే కొట్టాను. తెరుచుకుంది!

ఏడాది కిందట ఫైవ్‌జీ కనెక్షన్ తీసుకున్నప్పుడు వచ్చిన పెట్టె ఇది. బిగించడానికి వచ్చినతను వైఫై పేరూ పాస్‌వర్డూ పెట్టి, ఛాయ్ తాగి వెళ్లిపోయాడు. నేనూ మొన్న ఉగాదికి శాస్త్రోక్తంగా ఆ పాస్‌వర్డే మార్చాను. రౌటర్ తాళం మాత్రం పెట్టె అడుగున స్టిక్కర్ మీద అచ్చేసింది అచ్చేసినట్టే ఉంది. తాళం వేశాను గొళ్లెం మరిచాను అంటే ఏమిటో ఇన్నేళ్లకు అర్థమైంది. నా మ్యాక్ జాబితా సంగతంటారా? అది పాత పెట్టెతోపాటే పోయింది. అంటే ఏడాదిగా నేను కాపలా కాస్తున్నది దేనికో నాకే తెలియదు.

మేం నలుగురం. పేజీలో కనబడ్డవి పదకొండు. దొరికారు దొంగలు అనుకుని అందరి ఫోన్లూ తెచ్చి వరసగా పెట్టి చూస్తే, దొంగల్లో రెండు నా ఫోన్లే. ఆండ్రాయిడ్ 10 వచ్చిన 2019 నుంచి, ఐఫోన్లలో 2020 నుంచి, ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ చెప్పకుండా ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ చిరునామా చెబుతున్నాయి. పేరు దాచడమూ అంతే. రౌటర్ తన పేరు చెప్పకపోతే, జేబులో ఫోనే వెళ్లిన చోటల్లా ఫలానా వైఫై ఉందా అని కేకేస్తూ తిరుగుతుంది. మూడు చాదస్తాల్లో రెండు ఆ పూటే చచ్చాయి. మ్యాక్ మావయ్య బిరుదు సదరు పాఠకుడు వెనక్కి తీసుకోవచ్చు.

మిగిలినవి ఎవరివా అని చూస్తూ కూర్చుంటే, ఒకే లైను అందరం పంచుకున్న పాత గది గుర్తొచ్చింది. నేను జుబైల్ వచ్చింది 1998లో. సౌదీలో ఇంటర్నెట్ జనానికి అందుబాటులోకి వచ్చింది ఆ మరుసటేడు. అప్పట్లో ఇంటికి ఫోన్ అంటే కేబిన్ ముందు వరస. వెనకవాడు గొణుగుతుంటే ఇవతలివాడు "సరేనమ్మా, ఉంటానమ్మా" అంటూ పెట్టకపోవడం. తరవాత మా బిల్డింగ్‌లో పన్నెండు మంది కలిసి ఒక లైను వేయించుకున్నాం. అది నా అకామా, అంటే నివాస అనుమతి పత్రం, మీదే ఉండేది. కిటికీ ఏసీ పక్క సందులోంచి గదిగదికీ వైరు లాగాం. రౌటర్ వచ్చాక పాస్‌వర్డ్ క్యాలెండర్ మీద స్కెచ్ పెన్‌తో రాసి ఉండేది. ఊరి నుంచి కొత్తగా దిగినవాడికి ముందు మంచినీళ్లు, తరవాత క్యాలెండర్ చూపించడం. మా గదిలో ఒకతను కెమెరా ఆన్ కాగానే తన మొహం కంటే ముందు గోంగూర పప్పు గిన్నె చూపించేవాడు, వండుకుని తింటున్నట్టు అమ్మకు సాక్ష్యంగా. 2013లో వైబర్ ఆపేశారు. వాట్సాప్ కాల్స్ వచ్చినా ఇక్కడ కలిసేవి కావు. 2017 సెప్టెంబరులో నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసేదాకా ఎవరేది చెబితే ఆ ఉచిత వీపీఎన్ ఫోన్‌లో వేసుకున్నాం. దాని వెనక ఎవరున్నారని అడిగిన పాపాన పోలేదు. అప్పుడు మేం తలుపు తెరిచిపెట్టింది ఆ ముక్కూమొహం తెలియని వాళ్లకే. క్యాలెండర్ చూసి పాస్‌వర్డ్ కొట్టిన పదకొండు మందిలో ఒక్కరి వల్లా నా అకామా మీదకు మాట రాలేదు.

అడగకుండా వచ్చేవాళ్లు వేరే ఉంటారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఒకటి వచ్చింది. అదేమీ మహా తెలివైనది కాదు. అడ్మిన్, అడ్మిన్ లాంటి అరవై పైచిలుకు జంటలు పట్టుకుని ఊరంతా తిరిగి తలుపులు తోసి చూసింది. తెరుచుకున్న కెమెరాలనూ రౌటర్లనూ కూడగట్టి ఆ అక్టోబరులో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాటిని గంటల తరబడి పడుకోబెట్టింది. అది ఎవరి తలుపూ తట్టలేదు, ఎవరినీ అన్నా అని పిలవలేదు.

ఆ పూటే కూర్చుని రౌటర్‌కి సొంత పాస్‌వర్డ్ పెట్టాను. బయటి నుంచి రౌటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ కట్టేశాను. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను. బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్ కూడా తీసేశాను. దాని పిన్ ఎనిమిది అంకెలన్నమాటే గానీ, సగం సగం చేసి సరిచూసుకోవడం వల్ల 11 వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. చివర్లో గెస్ట్ నెట్‌వర్క్ అని కనిపించింది. అందులోకి వచ్చినవాళ్లకు ఇంటర్నెట్ వస్తుంది, ఇంట్లో కంప్యూటర్లూ ప్రింటరూ కనబడవు. లైను నా పేరు మీదే కాబట్టి జవాబుదారీ ఎలాగూ నాదే. అది ఆ పన్నెండు మంది లైనుకూ ఉన్నదే. క్యాలెండర్ అని పేరు పెట్టి, హిఫ్జ్ నొక్కాను.

సాయంత్రం కిందికి వెళ్లి పాస్‌వర్డ్ చీటీ ఇచ్చాను. కుర్రాడు కొట్టుకున్నాడు, కలిసింది. ఫోన్ వంక చూస్తూనే అడిగాడు. "పొద్దుగాల నెట్ నడుస్తలేదంటివి గదనే? మరి మీద కెల్లి అంతసేపు సీరియల్ పాట ఇనబడ్డది?"