ఆపుకోదగిన పాఠం

పాడ్‌కాస్టు అనే మాటకు వయస్సు చాలా తక్కువ. 2004 ఫిబ్రవరిలో బెన్ హేమర్స్‌లీ అనే విలేఖరి 'గార్డియన్' పత్రికలో దానిని వాడినాడు. ఐపాడ్ అనే చేతియంత్రం పేరులోని సగమూ, ప్రసారం అనే అర్థంగల ఇంగ్లీషు మాటలోని సగమూ అతికితే పుట్టినది అది. వస్తువు మాత్రం మనకు కొత్తది కాదు; అది రేడియో ప్రసంగమే. కాని గాలిలో కలిసిపోయేది కాక, దాచుకొని, కావలసినప్పుడు విని, కావలసినచోట ఆపుకోదగిన ప్రసంగం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ఇది ఎంతవరకు పనికివచ్చునన్న ప్రశ్నకు జవాబు ఆ 'ఆపుకోదగిన' అన్న మాటలోనే ఉన్నది.

రేడియోను ఆపలేము. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం వెలసిన తరువాత ఈ జిల్లాల వారికి రేడియో మరింత చేరువైనది. అయినా ప్రసారమవుతున్న పాఠంలో ఒక మాట అర్థం కాకపోతే వెనుకకు పోయే దారి లేదు. ఈ లోపాన్ని తెలిసినవారు ఒక ఉపాయం పన్నినారు. మధ్య అమెరికాలోని నికరాగువా దేశంలో 1974లో ప్రారంభమైన రేడియో గణిత బోధనలో ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పడానికి కొన్ని క్షణాలు మౌనం ఉంచేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక తరగతుల కొరకు ఆకాశవాణి ప్రసారం చేసిన 'విందాం నేర్చుకుందాం' కూడా ఈ జాతి పాఠమే. పిల్లవాడు పలికితేగాని పాఠం పూర్తికాదు.

ఇప్పటి వింత చూడండి. ఆపడానికి వీలులేని రేడియో తనంతట తాను ఆగినది. వ్రేలితో తాకితే ఆగే పాడ్‌కాస్టు అరగంట సేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది. తెలుగులో వచ్చే విజ్ఞాన ప్రసంగాలు చాలావరకు ఒంటరిగా, తీరికగా వినే పెద్దల కొరకు చేసినవి. వెనుక సంగీతం, ముందు పరుగు. తొమ్మిదో తరగతి గదిలో దానిని యథాతథంగా పెట్టి ఉపాధ్యాయుడు కుర్చీలో కూర్చుంటే అది బోధన కాదు, కాలక్షేపం. నాలుగు నిమిషాల ముక్క చాలు. దానిని ఎక్కడ ఆపవలెనో, ఆపి ఏమి అడగవలెనో ముందురోజే విని గుర్తుపెట్టుకోవలెను. కటకంలో కిరణాల దారి, పువ్వులోని భాగాలు వంటి కంటితో చూడవలసిన వాటిని చెవికి అప్పగించడం ఎలాగూ వ్యర్థమే.

ఇక గది సంగతి. దీనిని ప్రస్తావించేవారు తక్కువ గాని, అసలు చిక్కు ఇక్కడే. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైనప్పుడెల్లా శబ్దం 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. బల్లమీది ఫోనుకు 1 మీటరు దూరంలో ఉన్నవాని కంటె 8 మీటర్ల దూరంలో ఉన్నవానికి 18 డెసిబెల్‌లు తక్కువ. అనగా తీవ్రతలో 64వ వంతు. తరగతి గదిలో ఫోను నుండి నేరుగా వచ్చే ధ్వని ఇదే లెక్కన తగ్గిపోగా, సున్నపు గోడలకు తగిలి తిరిగే మ్రోత మాత్రం గదంతటా ఇంచుమించు ఒకేలా నిలుస్తుంది. కనుక వెనుక బెంచీవాడు ఫోనును గాక గోడలను వింటాడు. అచ్చులలో బలం ఎక్కువ, హల్లులలో తక్కువ. కాలు, పాలు, తాలు వానికి ఒక్కటే. పైన పంకా మ్రోత ఉండనే ఉన్నది. అర్థం కాలేదని ఆ పిల్లవానిని మందబుద్ధి అనుకోవడం అన్యాయం. పంకా ఆపి, పిల్లలను స్పీకరు చుట్టూ దగ్గరగా కూర్చోబెడితే ఖర్చు లేకుండానే సగం చిక్కు తీరుతుంది.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 2004లో కొత్తగా చేరిన 1,600 మందికి పైగా విద్యార్థులకు ఐపాడ్‌లు ఇచ్చినది. వాటి ఉపయోగాలలో శబ్దాన్ని రికార్డు చేయడం వారిని మిక్కిలి ఆకర్షించినది. మనకు ఇది ఆశ్చర్యం కలిగించనక్కరలేదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, ఏ యంత్రమూ చేతలేకుండానే, సవరల నోటివెంట విని విని వారి భాషను పట్టుకొన్నారు. కంఠంలో గాలి ఒక్క క్షణం నిలిచి పలికే ధ్వని ఒకటి అందులో కలదు; తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. సీతంపేట ప్రాంతంలో సవర పిల్లలున్న పాఠశాలలో ఆ ధ్వనిని ఫోనులో పట్టి, తిరిగి వినిపించి, తెలుగు పిల్లలచేత పలికించడం కంటె ధ్వనిశాస్త్రానికి మంచి ప్రవేశం ఏముంటుంది? ఆ గంటసేపు సవర పిల్లవాడే గురువు. 'ఏమిటి' అనడానికి మారుగా 'ఏటి' అనే పిల్లలు కూడా తమ మాటను తమ గొంతులోనే విని, తప్పొప్పుల భయం లేకుండా ప్రశ్న అడుగుతారు.

టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ అనే కొంగలు ఏటేటా వచ్చి చింతచెట్లపై గూళ్లు కడతాయి. ఆ కొంగలలో పెద్దవి గొంతు విప్పడం అరుదు, ముక్కులు తాటిస్తాయి. అయినా చెట్ల క్రింద నిలిస్తే రొద. అది ఎవరిది? ఫోనుతో రెండు నిమిషాలు పట్టుకొని వచ్చి, గదిలో వినిపించి, మధ్యలో ఆపి అడగవచ్చును.