హైదరాబాదు సంస్థాన చర్చల పత్రాలు: ప్రకటన, గోప్యత - ఒక విమర్శ

కీలకపదాలు: యథాతథ ఒప్పందం, శ్వేతపత్రం, సుందర్‌లాల్ కమిటీ, సమాచార హక్కు చట్టం, ఉదయగిరి.

ఉపోద్ఘాతం

1839లో ఉదయగిరి జాగీర్దారుపై కుట్ర ఆరోపణ మోపి, ఆయనను చెంగల్పట్టుకు తరలించి, ఈస్టిండియా కంపెనీ జాగీరును స్వాధీనం చేసుకొన్నది. ఈ వృత్తాంతం నేటి పాఠకునికి ప్రధానంగా గెజిటీర్ల ద్వారా, అంటే జాగీరు తీసుకొన్న పాలకుల మాటల్లోనే అందుతున్నది. ఆరోపించినవారే పత్రాలను భద్రపరచి, వాటిలో ఏది బయటపెట్టాలో నిర్ణయించినప్పుడు చరిత్ర రచన ఏమవుతుందన్న ప్రశ్న అక్కడితో ఆగలేదు. శతాబ్దం తరువాత హైదరాబాదు సంస్థానం విషయంలో అది మరింత పెద్దదై ఎదురయింది.

ఎంపిక చేసిన ప్రకటన

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికి, నిజాముకు మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ తరువాత సాగిన చర్చలు 1948 జూన్‌లో విఫలమయ్యాయి. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న ముగిసింది. చర్చలకు సంబంధించిన లేఖలతో, తన వాదనతో భారత ప్రభుత్వం 1948లోనే శ్వేతపత్రం వెలువరించింది. దీనిని పారదర్శకతకు నిదర్శనంగా చూపేవారున్నారు. అయితే శ్వేతపత్రం ఒక పక్షం కూర్చిన సంకలనం. అందులో చేరిన లేఖ నిజమైనదే కావచ్చు. చేరని లేఖ ఏమిటో పాఠకునికి తెలియదు. కొంత ప్రకటించడం, మిగిలినదాన్ని అడగనవసరం లేదన్న భావన కలిగించవచ్చు. పూర్తి గోప్యతకంటె ఇది పరిశోధకునికి ఎక్కువ ప్రమాదకరం.

జ్ఞాపకాలే ఆధారాలైన వేళ

మిగిలిన ఖాళీని చర్చల్లో పాల్గొన్నవారి గ్రంథాలు పూరించాయి. సంస్థానాల మంత్రిత్వ శాఖ కార్యదర్శి వి.పి. మేనన్ రచన 1956లో, హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా పనిచేసిన కె.ఎం. మున్షీ రచన 1957లో, నిజాము ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ రచన 1962లో వెలువడ్డాయి. ముగ్గురూ ప్రత్యక్ష సాక్షులే. ముగ్గురికీ సమర్థించుకోవలసిన నిర్ణయాలూ ఉన్నాయి. సమావేశాల అధికారిక నమోదులతో సరిచూసే వీలు లేనప్పుడు, పరిశోధకులు సాక్ష్యాన్ని బట్టి కాక సాక్షిపై తమకున్న అభిమానాన్ని బట్టి తీర్పు చెప్పే స్థితి ఏర్పడుతుంది. మున్షీని నమ్మేవారు ఒక చరిత్రను, లాయక్ అలీని నమ్మేవారు మరొక చరిత్రను రాస్తారు. ఈ చీలికకు పరిశోధకుల పక్షపాతం ఒక్కటే కారణం కాదు. మూసివున్న దస్త్రాలకూ అందులో భాగం ఉన్నది.

సుందర్‌లాల్ కమిటీ నివేదిక దీనికి మరింత బాధాకరమైన ఉదాహరణ. 1948 చివర సంస్థానంలో పర్యటించిన ఆ కమిటీ, సైనిక చర్య సమయంలోను ఆ తరువాతను కనీసం 27,000 నుంచి 40,000 మంది మరణించారని అంచనా వేసింది. ప్రభుత్వం నివేదికను ప్రచురించలేదు. దశాబ్దాల తరువాత పరిశోధకుల గ్రంథాల ద్వారా అది వెలుగుచూసింది. ఆ సంఖ్యను అంగీకరించేవారికైనా, కాదనేవారికైనా సాక్షులు సజీవంగా ఉన్న కాలంలో బహిరంగంగా పరీక్షించే అవకాశం పోయింది.

చట్టం, వాదనలోని వైరుధ్యం

చర్చలు సాగుతున్నప్పుడు గోప్యత అవసరమే. ప్రతి ప్రతిపాదనా మరునాడే పత్రికల్లో వస్తే ఏ దౌత్యవేత్తా రాజీకి సాహసించడు. కాని ఆ అవసరానికి కాలపరిమితి ఉండాలి. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 8(3) ఇరవై ఏళ్లు దాటిన ఘటనల సమాచారాన్ని ఇవ్వాలంటూనే, 8(1)(ఎ)లోని విదేశీ సంబంధాలు, దేశ భద్రత వంటి మినహాయింపులను అలాగే నిలిపింది. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం జాతీయ అభిలేఖాగారానికి చేరిన ముప్పై ఏళ్లు దాటిన పత్రాలను పరిశోధకులకు చూపవచ్చు. అదీ గోప్యముద్ర లేనివాటినే.

ఇక్కడొక వైరుధ్యం గమనించదగినది. 1948 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో భారత ప్రతినిధి రామస్వామి మొదలియార్, హైదరాబాదు స్వతంత్ర రాజ్యం కాదు కనుక ఫిర్యాదు చేసే అర్హత దానికి లేదని వాదించారు. ఆ వాదనకు కట్టుబడితే ఢిల్లీ-హైదరాబాదు చర్చల పత్రాలను 'విదేశీ రాజ్యంతో సంబంధాల' పేరిట దాచడానికి ఆధారం మిగలదు. దేశ భద్రత అన్న కారణం చెప్పవచ్చు. అప్పుడు సెక్షన్ 8(2) ప్రకారం ప్రజాప్రయోజనంతో తూచి, ఆ పత్రం నేడు కలిగించే హాని ఏమిటో నిర్దిష్టంగా చూపవలసి ఉంటుంది. ఏడు దశాబ్దాలు గడిచిన విషయంలో అది సులభం కాదు.

ముగింపు

అనుమసముద్రంపేటలోని పౌరుడైనా పది రూపాయల రుసుముతో కేంద్ర ప్రభుత్వాన్ని సమాచారం అడగగలడు. అడిగే హక్కు గ్రామానికి చేరింది; ఏ దస్త్రాలున్నాయో తెలిపే పట్టికలు అంత దూరం రావాలి. ఉన్నదని తెలియని పత్రాన్ని ఎవరూ పేరుపెట్టి అడగలేరు. కనుక విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు మొదట కోరవలసినది రహస్యపత్రాలను కాదు, వాటి జాబితాను. మూసివుంచిన ప్రతి దస్త్రానికీ శీర్షిక, తేదీ, మూసిన కారణం, తిరిగి పరిశీలించే గడువు ప్రకటిస్తే, గోప్యత సైతం పరిశోధకుని ప్రశ్నకు జవాబుదారీ అవుతుంది. అంతవరకు హైదరాబాదు చర్చలపై వెలువడే ప్రతి సిద్ధాంత గ్రంథమూ తాను చూసిన పత్రాలతోపాటు చూడలేకపోయిన వాటినీ పేర్కొనడం పరిశోధన ధర్మం.