వెల్వెట్‌కి ఇస్త్రీ పెట్టమని ఎవరన్నారు?

వైశాఖంలో గిద్దలూరులో పెళ్లి. ముహూర్తం మిట్టమధ్యాహ్నం. కూలర్ ముందు కుర్చీ దొరికినవాడే అదృష్టవంతుడు. ఆ ఉక్కలో ఆడపిల్లలు సగంమంది మోచేతుల దాకా చేతులున్న వెల్వెట్ జాకెట్లు తొడుక్కుని తిరుగుతున్నారు. ఒకమ్మాయి వీపు మీద ఇస్త్రీ పెట్టె మొన అచ్చు గుద్దినట్టు మెరుస్తోంది. వెల్వెట్ మీదే ఒళ్లు మండింది. మా మార్కాపురం ఎండలకి ఈ గుడ్డ అవసరమా?

వెల్వెట్ సోకంతా పైన నిలబడే నూగులో ఉంది. రెండు గుడ్డల్ని ఎదురెదురుగా కలిపి నేసి, మధ్య పోగుల్ని బ్లేడుతో కోస్తే ఆ నూగు వస్తుంది. దాని మీద వేడి ఇనుము ఆనిందా, పడుకుంటుంది. పాలిస్టర్‌దైతే కరిగి మెరుపు తేలుతుంది, ఇక లేవదు. కింద ఇంకో వెల్వెట్ ముక్కను నూగు పైకి పరిచి, జాకెట్టును తిరగేసి దాని మీద వేసి, ఆవిరి తగిలిస్తే చాలు.

ఇదంతా నాకు నాటకాల డ్రెస్సులాయన చలవ. 1970లో ప్రకాశం జిల్లాలో కలిసేదాకా మేం కర్నూలు జిల్లా వాళ్లం. పద్యనాటకాల పిచ్చి రెండు జిల్లాల వైపు నుంచీ అంటుకుంది. శ్రీరామనవమికి ట్రంకు పెట్టెల్లో అద్దె డ్రెస్సులు దిగేవి. దుర్యోధనుడిది ఎర్ర మొకమల్ కోటు, అంచునిండా జరీ, చెమ్కీలు. దానికి ఒక చెయ్యి ముదురు, ఒక చెయ్యి లేత. రంగు వెలిసిందేమో అన్నాం. ‘‘వెలవలేదబ్బాయ్, గుడ్డ చాలక దర్జీ ఆ చేతిని తలకిందులుగా కత్తిరించాడు’’ అని, నూగును పైకోసారి, కిందికోసారి నిమిరి చూపించాడు. పైకి దువ్వితే రంగు మారిపోయింది!

తెల్లారేసరికి కోటు చెమటతో బరువెక్కేది. కాటన్ లైనింగు పైకి వచ్చేలా తిరగేసి నీడన తగిలించేవాడు. ఆరాక మెత్తటి బ్రష్షుతో నూగు వాలు వెంబడే దులిపేవాడు. మడత పెట్టనిచ్చేవాడు కాదు. చినుకు పడితే రారాజుకన్నా ముందు కోటు లోపలికి పోవాల్సిందే.

నీళ్లూ, ఇస్త్రీ ఎరగని ఆ కోటు ఎన్ని నవములు చూసిందో! ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లలో ఉంటూ, అలాంటి గుడ్డను నేనా కాదనేది? నేను ఎగతాళి చేసే పాలిస్టర్ వెల్వెట్ ఇంకా నయం, చాలావాటిని చన్నీళ్లలో పిండకుండా జాడించుకోవచ్చు. పట్టు వెల్వెట్ మీద నీటిబొట్టు పడినా మచ్చే.

మాఘంలో మా ఇంట్లోనూ పెళ్లుంది. ముదురాకుపచ్చ పాలిస్టర్ వెల్వెట్ తెచ్చాం. ముక్కలన్నీ ఒకే వాలుకు కత్తిరించమని దర్జీకి పావు మీటరు ఎక్కువే ఇచ్చాం.