ఉత్వసంధి పాఠము

చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. దాని సూత్రములను ముందు వల్లె వేయించి, పిదప ఉదాహరణములు చూపుట మన తరగతులలో నేటికిని కానవచ్చును. ఈ లోపము గ్రంథమున లేదు, బోధకులమైన మనయందే యున్నదని మా యభిప్రాయము.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణము దాటి తార్నాక చేరినచో "రాముడొచ్చిండు" అను మాట చెవిని బడును. "వచ్చిండు" హల్లుతో మొదలగుచున్నది గదా! అచ్చు పరము కానిదే ఉత్వసంధి యెట్లు కలిగెను? ఈ ప్రశ్న నిచ్చి అధ్యాపకుడు కొంతసేపు మిన్నకుండవలెను. వాడుకలో పదాదిని "వ" "ఒ" యగుచున్నదని విద్యార్థులే కనుగొందురు. అపశబ్దమని త్రోసివేసినచో విద్యార్థి నోటిమాటతోపాటు సూత్రమునకు దొరికిన సాక్ష్యమును గూడ పోగొట్టుకొందుము. ఇక "వానొచ్చింది" యన్నచోట లోపించినది అకారము. ఆ చర్చ మరునాటి పాఠమునకు చాలును.