జాలీ దగ్గర తెలిసే పనితనం

1977లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ యాక్సియల్ ఫ్లో కంబైన్ తెచ్చినప్పుడు, గడ్డిని ఎగరేసి దులిపే స్ట్రా వాకర్ల చోట పొడవాటి రోటర్ వచ్చింది. కంకులు ముందున్న కాంకేవ్ అనే వంపు జాలీ దగ్గర నలుగుతాయి. గడ్డిలో చిక్కిన గింజ వెనక సెపరేటర్ జాలీల గుండా రాలాలి. రాలలేదా, గడ్డితోపాటు చేనుపాలే.

అమెరికా మిడ్‌వెస్ట్ పల్లెల్లో ఈ జాలీలను పంటకు తగ్గట్టు మార్చే వెల్డర్లంటే నాకు ఎంతో గౌరవం. మొక్కజొన్నకు కన్నాలు పెద్దవి కావాలి. మరీ తెరిస్తే బెండు ముక్కలు, చెత్త కిందికి దిగి జల్లెడ మీద భారం పడుతుంది. అందుకే మంచి పనివాడు ముందు కంబైన్ నడిచిన దారిలో మోకాళ్ల మీద కూర్చుని, గడ్డి పక్కకు తీసి, నేలమీది గింజలు లెక్కపెడతాడు. ఆ తర్వాతే గ్రైండర్ చేతపడతాడు. గడ్డి ఒకే ముద్దగా జారిపోతుంటే జాలీ లోపలి వైపు చదరపు ఇనుప కడ్డీ ముక్కలు అతికిస్తాడు. వాటి అంచుకు తగిలి ముద్ద విడిపోతుంది, గింజ కిందికి జారుతుంది. కడ్డీ కాస్త ఎత్తయినా రోటర్‌కు తగులుతుంది. కాబట్టి బిగించాక, ఇంజిన్ ఆపి ఉండగానే, రోటర్‌ను ఒక చుట్టు మెల్లగా తిప్పి చెవి పెట్టి వింటాడు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ ఓపికే. ఎండిన గోధుమగడ్డిని ఆ కడ్డీలు మరీ పొడి చేస్తాయి. పంట మారగానే ఆ జాలీని విప్పి నున్నటిది ఎక్కిస్తాడు.