ఉతకని దుప్పటి

కర్నూలులో బాడుగ ఇళ్ళు మారేది ఎక్కువగా ఎండాకాలంలోనే. బడులు తెరిచేలోగా కొత్త ఇంట్లో కుదురుకోవాలని అందరి తొందర. ఈసారి మేమూ మారాం. పాతబస్తీలోని మిద్దె ఇల్లు విడిచి బి క్యాంపు వైపు ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తుకు వచ్చాం. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు వేసిన క్యాంపుల పేర్లే ఈ పేటలకు నిలిచిపోయాయి. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, పేర్లు మాత్రం కదల్లేదు. బీరువాలు, మంచాలు, ఫ్రిజ్ సంగతి హమాలీలు చూసుకున్నారు. నా వంతుకు వచ్చింది మూడు పిల్లుల పని: రంగి, దాని కొడుకు పండు, ఎక్కడి నుంచో వచ్చి మా మిద్దె మీద మకాం పెట్టిన నల్లోడు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని సామెత. అది పట్టుకుని, ‘వాటికేమప్పా, అవే ఇళ్ళు మారుతుంటాయి కదా’ అని తేల్చేసినవాళ్ళు చాలామంది. కానీ ఆ తిప్పుడులో చోటు ఎంచుకునేది తల్లి, ముందే పోయి చూసి వచ్చేదీ తల్లే. కూనలకు తల్లి పొట్ట దగ్గరుంటే చాలు, ఏ అటకైనా ఒకటే. వైష్ణవంలో దీని మీద పెద్ద వాదమే నడిచింది. తల్లి నోట కరచుకుని పోతుంటే పిల్లికూన చేసేదేమీ లేదు, భక్తుడూ అట్లే ఉండాలని తెంగలై శాఖవాళ్ళు. కోతిపిల్లలాగా తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలని వడగలై శాఖవాళ్ళు. మన అహోబిల మఠం వడగలై పక్షం. దేవుడి సంగతి ఎట్లున్నా, ఎదిగిన పిల్లుల విషయంలో నాదీ ఆ పక్షమే. మెడ తోలు పట్టి ఎత్తితే వదులుగా వేలాడేది పసికూనలే. నాలుగేళ్ళ నల్లోణ్ణి అట్లా ఎత్తి చూడండి, మోచేతి దాకా రక్కుతాడు.

పిల్లికి ఇల్లంటే ప్రధానంగా వాసన. దాని బుగ్గల్లో, గడ్డం కింద, తోక మొదట్లో వాసన గ్రంథులు ఉంటాయి. గడపకూ తలుపు అంచుకూ మన పిక్కలకూ అది ఒళ్ళు రుద్దేది ముద్దుకొక్కటే అనుకోకండి, ‘ఇది నాది, ఇక్కడ భయం లేదు’ అని రాసుకుంటూ పోతుంది. ఆ రాత రోజురోజుకూ చెరిగిపోతుంటుంది కాబట్టి రోజూ తిరగరాస్తుంది. ఫ్రాన్స్ పశువైద్యుడు పాట్రిక్ పజా 1990లలో ఈ బుగ్గల స్రావంలోని పదార్థాలను విడదీశాడు. దానికి నకలుగా తయారైనదే పిల్లుల బెదురు తగ్గించడానికి ప్లగ్గుకు పెట్టే ఫెలివే. ఆ రాత మొత్తం చెరిగిపోతే ఏమవుతుందో వరదప్పుడు చూశాను. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు ఊళ్ళోకి వచ్చి, తీసిన తర్వాత మా వీధిలో ఒక పిల్లి తన గడప ముందే నిలబడి లోపలికి పోనని మొరాయించింది. గోడలు అవే, మనుషులు వాళ్ళే, పడుకునే బండా అదే. ఇంటి నిండా మాత్రం బురద కంపు.

మన గృహప్రవేశం పద్ధతులు దీనికి సరిగ్గా ఎదురు. పాత చీపురు కొత్తింటికి తేకూడదు. అడుగుపెట్టే ముందు మూలమూలా కడగాలి. రంగు వేయించాలి, పాలు పొంగించాలి, సాంబ్రాణి పొగ పెట్టాలి. మనుషులకు శుభ్రంగా తోచే ఇంట్లో పిల్లికి తెలిసిన వాసన ఒక్కటీ ఉండదు. పైగా ఆ నల్ల ఫినాయిల్ ఒకటి. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, విషం లోపలికి పోతుంది. కొత్తింట్లో ఫినాయిల్ వద్దన్నందుకే ఇంట్లో ఒక పూట మాటలు ఆగిపోయాయి. పిల్లులు పడుకునే మాసిన దుప్పటి నేను విడిగా మూట కట్టడం చూసి మా పెద్దమ్మ, ‘యాడన్నా ఉతకని గుడ్డలు కొత్తింట్లోకి తీసకపోతారా?’ అంది. ‘అది గుడ్డ కాదు పెద్దమ్మా, వాటి ఇల్లు’ అన్నాను. ఆమె ఒప్పుకోలేదు, కానీ పాల గిన్నె ముందుపోయి దుప్పటి వెనక రావాలన్న షరతు మీద ఊరుకుంది.

దుప్పటి కంటే ముందే పోయినవి మెత్తటి నూలు గుడ్డలు. ఒక్కో పిల్లికి ఒక్కో గుడ్డ. దాని బుగ్గలు తుడిచి, ఆ గుడ్డను కొత్తింట్లో తలుపు అంచులకూ సోఫా కాళ్ళకూ పిల్లి ఎత్తులో రుద్దాలి. తాళంచెవి ముందే చేతికి వచ్చింది కాబట్టి ఆఫీసు నుంచి వస్తూ ఈ పని చేసేవాణ్ణి. చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. ఇసుక ట్రేలు కూడా కడగకుండా, పాత ఇసుక ఇంత ఉంచే తెచ్చాం. పిల్లులు ఎన్నో ట్రేలు అంతకు ఒకటి ఎక్కువ ఉండాలని వైద్యులు చెబుతారు. అపార్ట్‌మెంటులో నాలుగు ట్రేలకు చోటు వెతకడం అంత తేలిక కాదు.

ఒక పిల్లి అయితే వ్యవహారం ఇంతటితో ముగిసేది. మూడు కాబట్టి అసలు చిక్కు వాటి మధ్యనే. పాత ఇంట్లో వాటికి గొడవలు లేవంటే స్నేహం వల్ల కాదు. కె.సి. కాలువ కింద రైతులు వంతులు వేసుకుని నీళ్ళు పెట్టుకున్నట్టు, అవి చోటునూ వేళనూ పంచుకున్నాయి. పొద్దున మెట్లు రంగివి, మధ్యాహ్నం వంటింటి బేతంచెర్ల బండలు పండువి, సాయంత్రం పిట్టగోడ నల్లోడిది. ఒకే దారిని వేర్వేరు వేళల్లో వాడుకుని పిల్లులు కొట్లాట తప్పించుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త పాల్ లైహౌజన్ ఎప్పుడో రాశాడు. ఇల్లు మారితే ఆ వంతులన్నీ రద్దు. మెట్లు లేవు, పిట్టగోడ లేదు, మూడు పిల్లులకూ కలిపి ఒక హాలు. దానికి తోడు ప్రయాణంలో బెదిరి, చెమర్చి, ఒకదాని ఒంటి వాసన ఇంకొకదానికి కొత్తగా తోస్తుంది. ఆసుపత్రికి పోయి వచ్చిన పిల్లిని చూసి ఇంట్లో పిల్లి బుసకొట్టేదీ ఇందుకే.

అందుకని రంగినీ పండునూ ఒక గదిలో, నల్లోణ్ణి ఇంకో గదిలో పెట్టాం. తలుపు కింది సందులోంచి మూతులు ఆనించుకుని వాసన చూసుకున్నాయి. ఇటు గుడ్డ అటు, అటుది ఇటు మార్చాం. తలుపు తీయాలన్న తొందర మనుషులకే ఉంటుంది.

ప్రయాణం సంగతి. మన ఊళ్ళల్లో పిల్లిని గోనెసంచిలో వేశారంటే దారి తెలియకుండా దూరంగా వదిలేయడానికే. కోళ్ళ గంప అంతకంటే నయం గానీ బెదిరిన పిల్లి తలతో తోసుకుని వచ్చేస్తుంది. గట్టి మూత ఉన్న బుట్ట పిల్లికొకటి కావాలి. వాటిని నెల ముందే నేల మీద పెట్టి, లోపలే అన్నం పెడుతూ అలవాటు చేస్తే ఆ రోజు పోరు తగ్గుతుంది. సామాను ఎక్కుతున్నంతసేపూ పిల్లులు ఖాళీ చేసిన గదిలో గడియ వెనక ఉండాలి. తెరిచిన తలుపులోంచి పోయిన పిల్లి లారీ వెళ్ళిపోయేదాకా కనపడదు. మాది తెల్లవారుజాము ప్రయాణం. మే నెలలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఆపి ఉంచిన కారు లోపల ఇంకా ఎక్కువ. పిల్లి కుక్కలాగా నోరు తెరిచి రొప్పిందంటే ఆగి చల్లటి చోటు చూడాల్సిందే.

వచ్చాక దాక్కుంటాయి. మంచం కింది నుంచి లాగకూడదు. హాలండ్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పిల్లుల ఆశ్రయానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో పదింటికి దాక్కునే పెట్టె ఇచ్చారు, తొమ్మిదింటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవాటి బెదురు మూడు నాలుగు రోజుల్లోనే తగ్గింది. లేనివాటికి ఆ స్థితికి రావడానికి రెండు వారాలు పట్టింది. అందుకే సామాను వచ్చిన అట్టపెట్టెలు వెంటనే పాతసామాన్ల వాడికి వేయకండి.

దాక్కుంటే పరవాలేదు, తినకపోతే ఆలోచించాలి. రెండు రోజులు ముద్ద ముట్టని పిల్లికి, ముఖ్యంగా ఒళ్ళున్న పిల్లికి, కాలేయంలో కొవ్వు చేరే ప్రమాదం ఉంది. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగడం కూడా తప్పే. బెదురు వల్ల వచ్చే జబ్బుల్లో ఇదే అన్నిటికంటే తొందరగా ప్రాణం తీసేది.

రంగి, పండు కుదురుకున్నాయి. హాలు సోఫా పొద్దున తల్లిది, మధ్యాహ్నం కొడుకుది. నల్లోడి పంచాయితీ తెగలేదు. బాల్కనీకి జాలీ బిగించాం గానీ వాడు పుట్టి పెరిగింది ఆకాశం కింద. అపార్ట్‌మెంటు మిద్దెకు తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, ఆయనకు నల్ల పిల్లంటే పడదు. ఆదివారం ఆయనతో కూర్చుని మాట్లాడాలి.